చంకలో బిడ్డ, చేతిలో సంచి: బ్యాంకాక్ సంతల గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: డిసెంబరు నాటికి మా పాపకు పది నెలలు నిండుతాయి. ఆ నెలలో నేను, మావారు, అత్తగారు, మామగారు కలిసి వారం రోజులు బ్యాంకాక్ వెళుతున్నాం. నాకూ మావారికీ ఏ ఊరు వెళ్లినా అక్కడి సంతలు చూడటమంటే ఎంతో ఇష్టం. చతుచక్ వారాంతపు సంత, పూల మార్కెట్టు, పడవల మీద సాగే బజారు, రైలు పట్టాల మీది మార్కెట్టు చూడాలని పట్టిక కూడా రాసుకున్నాం. అయితే మా అత్తగారు, "చంటిదాన్ని ఆ జనంలోకి, ఆ ఎండలోకి తీసుకుపోతారా? మీరు తిరిగి రండి, నేను పాపతో హోటల్లో ఉంటాను" అంటున్నారు. ఆమె మాటే సరైనదేమోనని నాకూ బెంగగా ఉంది. మీరేమంటారు?
ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ఎండ గురించి, జనం గురించి మీ అత్తగారికి ఉన్న భయం సరైనదే. అయినా పాపను, ఆవిడను హోటల్లో వదిలి వెళ్లవద్దనే నేను చెబుతాను. పది నెలల బిడ్డ ఇంకా తల్లిపాల మీద ఆధారపడే ఉంటుంది కాబట్టి మీరు ఎక్కడికి వెళ్లినా మూడు గంటలు తిరగకముందే మనసు హోటల్ వైపు లాగుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఆ వయసు బిడ్డకు సంతకు మించిన వింత లేదు. గుట్టలుగా పోసిన పండ్లు, పూల రాశులు, పలకరించే ముఖాలు అన్నీ దాని కంటికి అందే ఎత్తులోనే ఉంటాయి. మారవలసింది మీ పట్టిక. నాలుగు సంతలను రెండుకు తగ్గించుకోండి, రోజుకు ఒక్క సంతకే వెళ్లండి, బయలుదేరే వేళను, తిరిగి వచ్చే వేళను మీ పాప నిద్రను బట్టి నిర్ణయించుకోండి.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్న సంగతి. మా అబ్బాయి పదకొండు నెలల వాడిగా ఉన్నప్పుడు, ఏప్రిల్ నెలలో, మధ్యాహ్నం పన్నెండు గంటలకు వాణ్ణి చతుచక్ సంతకు తీసుకువెళ్లాం. రేకుల కప్పు కింద సన్నని సందులు, రెండు వైపులా బట్టల దుకాణాలు, గాలి ఆడని ఉక్క. గంటసేపు ఉషారుగా ఉన్న బిడ్డ ఆ తరువాత ఏడవడం కూడా మానేసి తల వాల్చేశాడు. మొదట నిద్ర అనుకున్నాను. ఒళ్లు కాలిపోతోందని, పొద్దుటి నుంచి డైపర్ పెద్దగా తడవలేదని అప్పుడు గమనించి గుండె ఝల్లుమంది. ఒక దుకాణంలోని పెద్దావిడ మా ముఖాలు చూసి విషయం గ్రహించి, తన ఫ్యాను మా వైపు తిప్పి, కుర్చీ వేసి, తడిగుడ్డ ఇచ్చింది. పది నిమిషాలు పాలు తాగాక వాడు కళ్లు తెరిచాడు. ఆ రోజు నుంచి ఎండ ముదిరాక చంటిపిల్లలతో సంతకు వెళ్లవద్దని అడిగినవారికీ అడగనివారికీ చెబుతూనే ఉన్నాను.

డిసెంబరు అంటే మీరు మంచి కాలాన్నే ఎంచుకున్నారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ వానలు తక్కువ, ఉక్క కాస్త తగ్గుతుంది. అయినా పగటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటుతుందని గుర్తుంచుకోండి. మార్చి నుంచి మే దాకా చంటిబిడ్డతో ఆ ఊరి సంతలు తిరగడం కష్టం. ఏప్రిల్ 13 నుంచి 15 వరకు సాగే సోంక్రాన్ పండుగలో వీధుల్లో ఎవరి మీద పడితే వారి మీద నీళ్లు చల్లుతారు కాబట్టి ఆ రోజులు చంటిబిడ్డకు అసలే తగవు.

ఇక ఏయే సంతలు అన్న విషయానికి వస్తాను. మీ పట్టికలో లేని ఒక మార్కెట్టును ముందుగా చేర్చుకోమంటాను. చతుచక్ సంతకు ఎదురుగా, రోడ్డుకు ఆవలి వైపున, కాంఫేంగ్ ఫెట్ మెట్రో స్టేషన్‌ను ఆనుకుని ఓర్ తోర్ కోర్ అనే మార్కెట్టు ఉంది. రైతుల పంటను అమ్మిపెట్టే ప్రభుత్వ సంస్థ నడిపే మార్కెట్టు అది, ఆ సంస్థ థాయ్ పేరులోని పొడి అక్షరాలే దాని పేరు. మన రైతుబజారుకు పెద్దక్క అనుకోండి. ఎత్తైన కప్పు, వెడల్పాటి దారులు, శుభ్రమైన నేల, కూర్చుని తినే చోటు ఉంటాయి. ధరలు మిగతా మార్కెట్ల కంటే ఎక్కువే, కానీ చంటిబిడ్డతో వెళ్లేవారికి ఆ వెడల్పాటి దారుల కోసమే ఆ ధర ఇవ్వవచ్చు. ప్రతి రోజూ పొద్దున్నే తెరుస్తారు.

మీ అత్తగారిని అక్కడికి తప్పకుండా తీసుకువెళ్లండి. థాయ్ కూరల మార్కెట్టును మన ఇంటి పెద్దవాళ్లు చూసే చూపు మనకు రాదు. మనం దొండకాయ తిని ఆకును వదిలేస్తాం, వాళ్లు ఆ దొండ ఆకునే కట్టలు కట్టి అమ్ముతారు, దానితో పలుచని చారు కాచుకుంటారు. చెరువుగట్లన పెరిగే మన తూటికూర అక్కడ రోజూ వండుకునే కూర. అవిసె పువ్వును, మునగకాయను పులుసులో వేస్తారు. శంఖుపువ్వును వేడినీటిలో వేసి నీలిరంగు పానీయం చేస్తారు. మీ అత్తగారు ఒక్కొక్కదాన్ని గుర్తుపట్టి పేరు చెబుతూ ఉంటే, హోటల్లో ఉండిపోతానన్న మాట ఆవిడే మరిచిపోతారు.

చతుచక్ సంత శని, ఆదివారాల్లో నిండుగా ఉంటుంది. 1982లో సనామ్ లువాంగ్ మైదానం నుంచి దాన్ని ఇప్పుడున్న చోటికి తరలించారు. వేల దుకాణాలు, 27 విభాగాలు ఉన్న ఆ సంత మొత్తాన్ని చూడాలనే ఆశ పెట్టుకోవద్దు. తొమ్మిది గంటలకు దుకాణాలు తెరుస్తూ ఉండగానే వెళ్లి, ఒకటి రెండు విభాగాలు చూసి, పదకొండు గంటలకల్లా బయటపడండి. సంత నడిమధ్యలో గడియార స్తంభం ఉంది. కుటుంబంలో ఎవరైనా విడిపోతే అక్కడ కలుసుకోవాలని ముందే అనుకోండి. పక్కనే ఉన్న చతుచక్ పార్కులో చెట్ల నీడన దుప్పటి పరిచి పాపను కాసేపు పాకనివ్వండి. బిడ్డ కాళ్లూ చేతులూ ఆడించుకునే సమయం లేకపోతే ఎంత మంచి సంత అయినా దానికి బందిఖానాయే.

పూల మార్కెట్టు పేరు పాక్ ఖ్లోంగ్ తలాత్. కాలువ ముఖాన ఉన్న సంత అని ఆ మాటకు అర్థం. ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది, అర్ధరాత్రి దాటాక పూల బండ్లు దిగే వేళ దాని అసలు కళ చూడాలని అందరూ చెబుతారు. ఆ కళ మీ పాప కాస్త పెద్దయ్యాక చూడవచ్చు. ఇప్పుడు మాత్రం పొద్దున్న ఆరు, ఆరున్నరకు వెళ్లండి. చంటిపిల్లలు ఎలాగూ ఆ వేళకు లేచి కూర్చుంటారు, సనామ్ చాయ్ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరమే. గుడిమల్కాపూర్ పూల మార్కెట్టును తెల్లవారుజామున చూసినవారికి అక్కడి సందడి కొత్తగా ఉండదు, కానీ మల్లెమొగ్గలను, గులాబీ రేకులను కూర్చి చేసే చిన్న చిన్న దండల నేర్పు చూసి తీరవలసిందే. వాటిని జడలో తురుముకోవడానికి కాక బుద్ధుడికి సమర్పించడానికి, పెద్దలకు గౌరవంగా ఇవ్వడానికి, వాహనాలకు కట్టుకోవడానికి వాడతారు.

పడవల బజారును ఈసారికి వదిలేయమనే నా సలహా. డమ్నోన్ సదువాక్ అనే ఆ బజారు బ్యాంకాక్ నుంచి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, రాచ్చబురి ప్రాంతంలో ఉంది. 1860ల చివర తవ్వించిన కాలువ మీద ఆ బజారు సాగుతుంది. చూడదగినదే. అయితే ఒక్కో వైపుకు గంటన్నర నుంచి రెండు గంటల ప్రయాణం, పైగా అద్దె వాహనాల్లో చంటిపిల్లల సీటు దొరకడం అరుదు. అక్కడికి చేరాక ఎక్కించే మోటారు పడవల రొద, పొగ పసిచెవులకూ పసి ఊపిరికీ మంచివి కావు. పది నెలల బిడ్డకు సరిపోయే లైఫ్ జాకెట్ చేతికి ఇచ్చి చూపిస్తే తప్ప ఏ పడవా ఎక్కవద్దు. ఒక్కటైనా దూరపు సంత చూడాలని మీవారు పట్టుబడితే మే క్లోంగ్ రైలు మార్కెట్టును ఎంచుకోండి. రైలు వచ్చే వేళకు దుకాణదారులు పైన కట్టిన గుడ్డ పందిళ్లను మడిచి, బుట్టలను వెనక్కు జరుపుతారు, రైలు వాటిని దాదాపు రాసుకుంటూ నెమ్మదిగా వెళ్లగానే మళ్లీ అన్నీ యథాస్థానానికి వస్తాయి. అందుకే దాన్ని స్థానికులు గొడుగులు ముడిచే సంత అంటారు. బిడ్డను ఎత్తుకున్నవారు పట్టాల పక్కన ఫోన్లు పట్టుకుని నిలబడే గుంపులో ఉండకూడదు. స్టేషన్ దగ్గర నిలబడి చూసినా రైలు రాక చక్కగా కనిపిస్తుంది.

స్ట్రోలర్ గురించి మీరు అడగలేదు కానీ చెప్పక తప్పదు. విమానాశ్రయంలో, మాల్‌లో అది బాగా ఉపయోగపడుతుంది. సంతలో, ఎగుడుదిగుడు కాలిబాటల మీద, లిఫ్టు అన్ని ద్వారాల దగ్గరా ఉండని మెట్రో స్టేషన్లలో అది బరువే. ఛాతీకి ఆనించి కట్టుకునే పలుచని నూలు క్యారియర్ తీసుకువెళ్లండి, బిడ్డ ముఖం, ముక్కు ఎప్పుడూ మీ కంటికి కనబడేలా కట్టుకోండి, అరగంటకు ఒకసారి మీరు, మీవారు, మామగారు చేతులు మార్చుకోండి. స్ట్రోలర్ వాడేచోట ఎండ తగలకూడదని దాని మీద గుడ్డ కప్పితే లోపల వేడి పెరుగుతుంది కాబట్టి ఆ పని మాత్రం చేయవద్దు. దోమతెర అయితే వేయవచ్చు, వేయాలి కూడా. డెంగీని మోసే దోమ ఎక్కువగా పగటిపూటే కుడుతుంది.

ప్రశ్న: మా బాబుకు ఎనిమిది నెలలు. పాస్‌పోర్టు, విమాన ప్రయాణం విషయంలో చంటిపిల్లలకు ప్రత్యేకంగా చూసుకోవలసినవి ఏమైనా ఉన్నాయా?
ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: రోజుల బిడ్డకైనా సొంత పాస్‌పోర్టు ఉండవలసిందే. మైనర్లకు ఇచ్చే పాస్‌పోర్టు ఐదేళ్లపాటు చెల్లుతుంది. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు దరఖాస్తు రుసుములో 10 శాతం రాయితీ ఉంది. బిడ్డ పాస్‌పోర్టుకు సమ్మతి తెలుపుతూ తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసే అనెక్షర్ డి పత్రం సిద్ధం చేసుకోండి. 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్ వెళ్లే విదేశీయులందరూ, చంటిపిల్లలతో సహా, తమ రాక వివరాలు తెలిపే డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. దిగే తేదీకి ముందు మూడు రోజులలోపు దాన్ని ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా నింపవచ్చు, కాబట్టి డబ్బు అడిగే సైట్లకు దూరంగా ఉండండి. వీసా నియమాలు తరచుగా మారుతుంటాయి, టికెట్లు కొనే ముందు ఒకసారి, బయలుదేరే ముందు మరొకసారి థాయ్ రాయబార కార్యాలయం వెబ్‌సైట్ చూడండి.

హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానంలో ప్రయాణం సుమారు మూడున్నర గంటలు. విమానం పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు బాబుకు పాలు పట్టండి, మింగుతూ ఉంటే చెవిలో ఒత్తిడి తగ్గుతుంది. దిగేటప్పుడే చెవి ఎక్కువ నొప్పి పెడుతుంది, పైగా దిగడం మనం అనుకున్న దానికంటే ముందే మొదలవుతుంది, కాబట్టి ఆ వేళకు బాబు ఆకలితో ఉండేలా చూసుకోండి. బిడ్డ పాలు, ఆహారం వంద మిల్లీలీటర్లకు మించినా ప్రయాణానికి సరిపడా అనుమతిస్తారు, భద్రతా తనిఖీలో వాటిని విడిగా తీసి చూపించండి.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా కోడలు, కొడుకు తొమ్మిది నెలల మనవడితో, మాతో కలిసి థాయ్‌లాండ్ ప్రయాణం పెట్టుకున్నారు. మా ఇంట్లో అందరం శాకాహారులం. ఆ సంతల్లో మేము ఏం తినగలం, మనవడికి ఏం పెట్టగలం?
ఒక తాతగారు, కరీంనగర్

జవాబు: అయ్యా, మీ గురించి, మనవడి గురించి విడివిడిగా చెబుతాను.

థాయ్ వంటలో మనకు పైకి కనిపించనివి రెండున్నాయి. ఒకటి చేపల నుంచి తీసే ఉప్పని ద్రవం, దాన్ని నామ్ ప్లా అంటారు, మనం ఉప్పు వేసినంత సహజంగా వాళ్లు దాన్ని వేస్తారు. రెండోది ఎండు రొయ్యలు. పచ్చి బొప్పాయి ముక్కలు దంచి చేసే సోమ్ తామ్ చూడటానికి పూర్తిగా కూరగాయలే, కానీ అందులో రెండూ ఉంటాయి. కాబట్టి కూరగాయలు మాత్రమే అని చెబితే సరిపోదు. జే అన్న మాట నేర్చుకోండి. చైనా నుంచి వచ్చిన నోములతో ముడిపడిన ఆహార నియమం అది. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, వెల్లుల్లి, ఉల్లి కూడా ఉండవు. మనం నోము రోజున ఉల్లి, వెల్లుల్లి మానివేసినట్టే అనుకోండి. పసుపు పచ్చని జెండా మీద ఎర్రని అక్షరాలు కనిపించే బండి దగ్గర మీరు నిశ్చింతగా తినవచ్చు. ఏటా చైనా చాంద్రమానం ప్రకారం తొమ్మిదో నెలలో, సాధారణంగా అక్టోబరు ప్రాంతంలో, తొమ్మిది రోజులపాటు ఈ జే పండుగ జరుగుతుంది. ఆ రోజుల్లో వెళ్లగలిగితే యావరాత్ చైనా బజారు వీధి నిండా పసుపు జెండాలే కనిపిస్తాయి. మన వంట కావాలనిపిస్తే బ్యాంకాక్‌లోనే ఫాహురత్ అనే పేట ఉంది. బట్టల దుకాణాల మధ్య గురుద్వారా, ఆ చుట్టుపక్కల భారతీయ భోజనశాలలు, పప్పులు, మసాలాలు అమ్మే కొట్లు ఉంటాయి.

మనవడి విషయంలో సంత మీకు ఎంతగా తోడ్పడుతుందో చూసి సంతోషిస్తారు. అక్కడ నామ్‌వా అనే అరటిపండు ఉంది, పొట్టిగా లావుగా ఉంటుంది. పాత తరం థాయ్ తల్లులు బిడ్డలకు దాన్నే మెదిపి పెట్టేవారు. బాగా ముగ్గినదాన్ని కొని, మీ చేతులు, పండు తొక్క కడిగి, మీ చెంచాతోనే మెదపండి. అప్పుడప్పుడు దానిలో నల్లని చిన్న గింజలు వస్తాయి, తీసివేయండి. ఆవిరి మీద ఉడికించిన చిలగడదుంప, గుమ్మడికాయ ఉదయపు సంతల్లో దొరుకుతాయి, వేడిగా ఉన్నప్పుడే కొని చల్లార్చి పెట్టండి. జోక్ అనే మెత్తని బియ్యపు జావ మన గంజిలాగే కనిపిస్తుంది కానీ పంది మాంసం పులుసుతో కాస్తారు, ఉప్పు కూడా ఎక్కువ, కాబట్టి మీకూ మనవడికీ అది కుదరదు.

కోసి, ఐసు మీద పెట్టి అమ్మే పండ్ల ముక్కలు ఎంత అందంగా ఉన్నా చంటిబిడ్డకు వద్దు. కోయని పండునే కొని గదికి తెచ్చి కోయండి, దానికోసం చిన్న చాకును చెక్-ఇన్ సామానులో పెట్టుకోండి. రంబుటాన్, లాంగన్ పండ్ల గింజలు, వేరుశనగలు, గుండ్రని ద్రాక్ష బిడ్డ గొంతుకు అడ్డం పడతాయి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించవద్దు, సంతలో తేనెతుట్టె ముక్కలు చూసి పెద్దవాళ్లకు ఆ కోరిక కలుగుతుంది కాబట్టి ముందే చెబుతున్నాను. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి వల్ల పసిపిల్లలకు కండరాలు చచ్చుబడే జబ్బు రాగలదు.

ఇంటి నుంచి వేయించి విసిరిన బియ్యం, పెసరపప్పు ఉగ్గు పొడిని చిన్న చిన్న పొట్లాలుగా కట్టుకోండి. హోటల్ గదిలో నీళ్లు మరిగించే కెటిల్ ఉందో లేదో ముందే అడగండి, మంచి ఫ్లాస్కు తీసుకువెళ్లండి. సీసా నీళ్లను కూడా మరిగించే వాడండి. డబ్బాపాలు ఇచ్చేవారు నీళ్లు 70 డిగ్రీలకు తగ్గని వేడిగా ఉన్నప్పుడే పొడి కలిపి, తరువాత గోరువెచ్చగా చల్లార్చి ఇవ్వాలి. ఎప్పుడైనా ఏదైనా తక్కువైతే కంగారు పడనక్కర లేదు, థాయ్‌లాండ్‌లో 14 వేలకు పైగా సెవెన్-ఇలెవెన్ దుకాణాలు ఉన్నాయి, చిన్న డైపర్ పొట్లాల నుంచి సీసా నీళ్ల వరకు వాటిలో రాత్రింబవళ్లు దొరుకుతాయి.

ప్రశ్న: గత ఏడాది వేరే దేశం వెళ్లినప్పుడు అడుగడుగునా అపరిచితులు మా పాపను ముట్టుకోవడం, ఎత్తుకోవడం నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది. థాయ్ సంతల్లో అది ఇంకా ఎక్కువని విన్నాను. మా అమ్మ దిష్టి అంటుంది, నాకేమో జలుబులు అంటుకుంటాయని భయం. వాళ్లను నొప్పించకుండా ఎలా వద్దనాలి?
ఒక తల్లి, బెంగళూరు

జవాబు: మీరు విన్నది నిజమే. థాయ్ సంతలో చంటిబిడ్డ అడుగుపెడితే బేరాలు కాసేపు ఆగుతాయి. కూరలమ్మే ఆవిడ చేతులు చాచుతుంది, పక్క దుకాణంలోని అబ్బాయి ఈల వేసి నవ్విస్తాడు, నారక్, నారక్ అన్న మాట వినిపిస్తూనే ఉంటుంది. ముద్దుగా ఉంది అని దాని అర్థం. నేను తిరిగిన ఏ దేశంలోనూ చంటిపిల్లల మీద ఇంత బహిరంగమైన ప్రేమ చూడలేదు. మా అబ్బాయి తల వాల్చిన రోజున మాకు కుర్చీ వేసిన ఆవిడ ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. అందుకే ఆ ప్రేమను పూర్తిగా తోసిపుచ్చవద్దనే కోరతాను.

అయినా మీ భయంలో న్యాయం ఉంది. జలుబు, దగ్గు చేతుల ద్వారా కూడా సోకుతాయి. బిడ్డ ఛాతీ మీది క్యారియర్‌లో ఉంటే ఎత్తుకోబోయేవారు చాలావరకు వాళ్లంతట వాళ్లే ఆగుతారు. ఎవరైనా చేతులు చాచినప్పుడు నవ్వుతూ ఒక అడుగు వెనక్కు వేసి, రెండు చేతులూ జోడించి, పాప పాదాన్ని చూపండి. పాదం నిమిరి తృప్తి పడతారు. పాప చేతి వేళ్లు నోట్లోకి వెళతాయి, పాదాలు అంతగా వెళ్లవు, పైగా మేజోళ్లు తొడిగి ఉంటే ఏ చింతా లేదు. గదికి రాగానే బిడ్డ చేతులు, ముఖం కడగండి. ఫొటో తీసుకోవాలని అడిగితే వద్దని చెప్పే హక్కు మీకు పూర్తిగా ఉంది. తల ఊపి, చిరునవ్వుతో చేయి అడ్డం పెడితే చాలు, అక్కడ ఎవరూ తప్పు పట్టరు. గొంతు పెంచి మాట్లాడటాన్నే వాళ్లు అమర్యాదగా భావిస్తారు.

మీ అమ్మగారి మాట కూడా కొట్టివేయదగినది కాదు. ముద్దుగా ఉన్న బిడ్డను చూసి థాయ్ పెద్దవాళ్లు నాక్లియత్ నాచాంగ్ అనేవారు. అసహ్యంగా ఉంది, చూడబుద్ధి కావడం లేదు అని ఆ మాటకు అర్థం. బిడ్డను పొగిడితే దుష్టశక్తుల కన్ను పడుతుందని, అందుకే తిట్టినట్టుగా మెచ్చుకునేవారని చెబుతారు. పల్లెటూళ్లలో ఇప్పటికీ ఆ మాట వినిపిస్తుంది. మన అమ్మమ్మలు బుగ్గన కాటుక చుక్క పెట్టినదీ ఈ భయంతోనే కదా. మీ అమ్మగారికి ఈ సంగతి చెప్పండి. పాపకు ఆవిడ దిష్టి చుక్క పెట్టాలనుకుంటే అరికాలికి పెట్టమనండి, చెమటకు కరిగి కళ్లలోకి జారకుండా ఉంటుంది.

ప్రశ్న: సంతల్లో పసిపిల్లల బట్టలు, బొమ్మలు చవకగా ఉంటాయని అంటారు. కొనవచ్చా? బేరం ఆడవచ్చా?
ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నూలు బట్టలు కొనండి. ఏనుగు బొమ్మలు అచ్చువేసిన వదులు పైజామాలు చంటిపిల్లల కొలతల్లోనూ దొరుకుతాయి, ఉక్కలో ఎంతో హాయిగా ఉంటాయి. రంగు దిగుతుంది కాబట్టి విడిగా రెండుసార్లు ఉతికి, అప్పుడు తొడగండి. పూసలు, గవ్వలు, గంటలు కుట్టినవి వద్దు, బిడ్డ వాటిని నోటితో పీకుతుంది. బొమ్మల విషయంలో నేను కఠినంగానే చెబుతాను. వెలిగే, పాడే చవక బొమ్మల్లో నాణెం ఆకారపు చిన్న బ్యాటరీ ఉంటుంది. దాని మూతకు స్క్రూ లేకపోతే ఆ బొమ్మ ఇంటికి రాకూడదు. అది మింగితే కొద్ది గంటల్లోనే అన్నవాహిక కాలిపోతుంది.

బేరం ఆడవచ్చు, కానీ మన దగ్గర సగానికి అడిగినట్టు అడగరు. రెండు మూడు వస్తువులు ఒకేచోట కొని కొంచెం తగ్గించమని నవ్వుతూ అడిగితే తగ్గిస్తారు. తిండి పదార్థాలకు, ధర రాసి పెట్టిన వస్తువులకు బేరం ఉండదు. 20, 50, 100 బాత్ నోట్లు దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: తిరుగుతున్నప్పుడు బిడ్డకు ఒంట్లో బాగుండకపోతే ఏం చేయాలన్న ఆలోచనతోనే మా ప్రయాణం వాయిదా పడుతోంది. ముందే ఏం సిద్ధం చేసుకోవాలి?
ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: బయలుదేరడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు మీ పిల్లల డాక్టరును కలవండి. టీకాల కార్డు తీసుకువెళ్లి, వయసుకు తగ్గ టీకాలన్నీ పడ్డాయో లేదో చూపించండి. తొమ్మిది నెలలు నిండగానే వేసే తట్టు, రుబెల్లా టీకా ముఖ్యమైనది. అంతకంటే చిన్న బిడ్డ అయితే ప్రయాణం కోసం ముందుగా వేయవలసి ఉంటుందేమో అడగండి. జ్వరం మందును బిడ్డ బరువును బట్టి ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని గంటలకు ఒకసారి ఇవ్వాలో కాగితం మీద రాయించుకోండి. ఓఆర్ఎస్ పొట్లాలు, జింకు మందు, దోమలను తరిమే లేపనం ఏది వాడవచ్చో కూడా ఆయననే అడగండి. ఆరు నెలలు నిండని బిడ్డకు సన్‌స్క్రీన్ కంటే నీడ, టోపీ, పొడుగు చేతుల పలుచని చొక్కాలే రక్ష. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు బిడ్డ పేరును కూడా చేర్చడం మరిచిపోవద్దు.

విరేచనాలు మొదలైతే తల్లిపాలు ఆపకుండా, పొట్లం మీద రాసినంత నీటిలో కలిపిన ఓఆర్ఎస్ చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. ఆరు గంటలుగా డైపర్ తడవకపోయినా, ఏడిస్తే కన్నీరు రాకపోయినా, మాడు గుంటపడినట్టు ఉన్నా, బిడ్డ పాలు తాగకుండా మత్తుగా పడి ఉన్నా, మలంలో రక్తం కనిపించినా గదిలో కూర్చుని చూడకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే ఒక్క గంట కూడా ఆలస్యం వద్దు. బ్యాంకాక్‌లో పిల్లల వైద్యులున్న పెద్ద ఆసుపత్రులు చాలా ఉన్నాయి, వాటిలో ఇంగ్లీషులో మాట్లాడే సిబ్బంది ఉంటారు. మీ హోటల్‌కు దగ్గరగా ఉన్నది ఏదో చేరిన మొదటి రోజే హోటల్ వాళ్లను అడిగి తెలుసుకోండి. అంబులెన్సుకు 1669, పర్యాటక పోలీసులకు 1155 నంబరు.

మరొక పని కూడా చేయండి. హోటల్ పేరు, చిరునామా థాయ్ లిపిలో ఉన్న కార్డు అడిగి తీసుకుని, దాని వెనుక బిడ్డ వయసు, బరువు, పడని మందులు ఇంగ్లీషులో రాసి, ఒకటి మీ జేబులో, ఒకటి మీ భార్య సంచిలో, ఒకటి బిడ్డ క్యారియర్ జేబులో పెట్టండి.